రోజుకో భాగం రాస్తే కథ పలచబడుతుందా?

పాత పాఠకుడు:
ఒక యాప్‌లో నలభై భాగాల ధారావాహిక చదివాను. సగానికి సగం భాగాలు తలుపు చప్పుడుతోనో, ఫోను మోగడంతోనో ఆగాయి. మర్నాడు తలుపు తీస్తే పక్కింటావిడ, పెరుగు తోడు కోసం వచ్చింది! ‘తర్వాతి భాగం ఎప్పుడు?’ అని అడిగేవారే తప్ప, ఫలానా వాక్యం కుదరలేదని చెప్పినవారు ఒక్కరూ లేరు. తెలుగు కథ ఇలా నీళ్లు కలిపిన పాలు కావలసిందేనా?

మధ్యాహ్నం రాసే గృహిణి:
వారపత్రికల సీరియళ్లు మాత్రం ఎక్కడ ఆగేవండీ? గుండె ఆగే చోటే కదా ‘సశేషం’ పడేది. నేను పదేళ్లు పత్రికలకు కథలు పంపాను, స్టాంపులు అంటించిన తిరుగు కవరు జతచేసి మరీ. కథ తిరిగి వచ్చేది. ఎందుకు వచ్చిందో ఒక్క ముక్క ఉండేది కాదు. కిందటి ఏడాది యాప్‌లో పెట్టిన కథలో శ్రావణమాసంలో మిరపకాయలు కోయించాను. గంట తిరగకుండా గుంటూరు వైపు పాఠకురాలు ఒకరు రాశారు: ‘అమ్మా, శ్రావణంలో మిరప ఇంకా నారుమడిలోనే ఉంటుంది. కోతలు సంక్రాంతి రోజుల్లో కదా!’ ఆ రాత్రే మూడు పేరాలు తిరగరాశాను.

పాత పాఠకుడు:
ఆ తల్లికి నా దండం. అలాంటి వ్యాఖ్యలు నలభై భాగాలకు ఎన్ని వస్తాయి?

డాలస్ నుంచి:
ఇంటర్నెట్ అంటే యాప్ ఒక్కటేనా? ‘ఈమాట’ అనే వెబ్ పత్రిక 1998 నుంచి ఇంటర్నెట్‌లోనే వస్తోంది. అక్కడ సంపాదకులు చదివి, మార్పులు అడుగుతారు. అప్పట్లో తెరమీద తెలుగు అక్షరం కనిపించడమే గగనం. ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో రాసేవాళ్లం: చిన్న ఎన్ కొడితే న, పెద్ద ఎన్ కొడితే ణ, ల, ళ కూడా అంతే. ఏ మాటలో ఏది రావాలో వేలు ఆపి ఆలోచించేవాణ్ణి. నాకు తెలుగు వర్ణక్రమం కుదిరింది అలాగే. ఇప్పుడు ఆ ఆగడమే పోయింది. నక్షత్రాలు ఇచ్చేవారు ఎందరో ఉన్నా, ‘ఇది ఇంకోసారి రాయండి’ అనే మనిషి లేకపోవడమే నా బాధ.

మధ్యాహ్నం రాసే గృహిణి:
ఆ మనిషి కోసమే మేం నలుగురం వాట్సాప్‌లో ఒకరిది ఒకరం చదువుకుని, వారం ఆగి పెడుతున్నాం. చదివేవారు తగ్గారు, నిజమే. అయినా ఆగుతున్నాం. పాత పాఠకుడు గారూ, తీరిక ఉంటే నా తర్వాతి భాగం మీకు పంపుతాను. అనవసరమైన తలుపు చప్పుడు కనిపిస్తే కొట్టివేయండి.