రేడియేటర్‌కు వచ్చే పై గొట్టం కాలుతోంది, కింది గొట్టం గోరువెచ్చగానే ఉంది: లోపం పంపులోనా, రేడియేటర్‌లోనా?

చీమకుర్తి క్వారీ దారుల్లో తిరిగే మా పాత డీజిల్ ఫోర్ వీల్ జీపుకు గత నెలలో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మార్చాము. అప్పటి నుంచి ఒంగోలు రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లినంతసేపూ ఇంజన్ వేడి చూపే ముల్లు సగంలోనే నిలుస్తోంది గాని, లో గేరులో ఎత్తు ఎక్కడం మొదలుపెట్టిన 10 నిమిషాలకే ఎర్ర గీతను తాకుతోంది.

ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌కు దారి తెరిచే థర్మోస్టాట్‌ను విప్పి వేడినీళ్లలో వేసి చూస్తే 82 డిగ్రీల దగ్గర కదిలి, 95కు పూర్తిగా తెరుచుకుంది. రేడియేటర్ మూత కొత్తది వేశాను. బండి ముందుభాగాన్ని ఎత్తులో నిలిపి, చల్లటి ఇంజన్ మీద మూత తీసి, హీటర్ పూర్తిగా తెరిచి, బుడగలు ఆగేదాకా స్టార్టులోనే ఉంచి గాలి తీశాను. రేడియేటర్ రెక్కలను ఇంజన్ వైపు నుంచి సన్నటి ధారతో కడిగితే గ్రానైట్ పొడి పాలలాగా కారింది; అయినా ఫలితం లేదు. ఫ్యాన్ బెల్టు బిగువుగానే ఉంది, ఇంజన్ ఆయిల్‌లో కూలెంట్ కలిసి తెల్లబడలేదు, కారుడు ఎక్కడా లేదు.

అంతకుముందు ఏళ్ల తరబడి పోసినవి బోరు నీళ్లే. ఆ నీళ్లు కాచిన గిన్నెకు పట్టే సున్నపు పొర చూసినవారికి నా అనుమానం అర్థమవుతుంది. మెకానిక్ మాత్రం కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు మార్చమంటున్నారు.

రెండింటినీ విప్పకుండానే, పంపు రెక్కలు అరిగాయో రేడియేటర్ గొట్టాలు లోపల పూడాయో తేల్చే పరీక్ష ఏది?