పక్షవాతం వచ్చినంక మా బాపు మళ్ల కారు నడపొచ్చా? తెల్సినోళ్లు చెప్పుండ్రి

బత్తాయితోట:
మాది నల్లగొండ జిల్లా, హాలియా దిక్కు. బాపుకు 58 ఏండ్లు, 8 నెలల కింద పక్షవాతం వచ్చింది, మెదడుకు కుడిదిక్కు దెబ్బ అన్నరు. ఇప్పుడు నడుస్తుండు, మాట మంచిగుంది, ఎడమ చెయ్యి ఒక్కటి కొంచెం పట్టు తక్కువ. ఇగ రోజూ ఒకటే లొల్లి, తాళాలియ్యి తోట కాడికి పోయొస్త అని. ఆటోమేటిక్ కారు తీస్కుంటే అయిపోతదా? ఫిజియో ఆయనేమో ఓటీకి చూపెట్టుమన్నడు, మాకు ఆపరేషన్ థియేటర్ తప్ప ఇంకో ఓటీ తెల్వదు.

పక్కచక్రాలు_పాలమూరు:
తమ్మీ, ఓటీ అంటే ఆక్యుపేషనల్ థెరపిస్ట్. ఫిజియో చెయ్యి లేపిపిస్తే, ఓటీ ఆ చెయ్యితోని అంగీ గుండీ ఎట్ల పెట్టుకుంటవ్ అన్నం ఎట్ల కలుపుతవ్ బండి ఎట్ల నడుపుతవ్ అని చూస్తరు. నాకు పోలియో, 11 ఏండ్ల సంది పక్క చక్రాల స్కూటీ మీదనే జడ్చర్ల డ్యూటీకి పోతున్న. ఎవ్వరికీ చూపెట్టలే, మెకానిక్ బిగించిండు నేను ఎక్కిన, మొదట్ల మలుపు కాడ అలవాటు కొద్దీ బండిని వంచబోయి రెండుసార్లు పొలంల పడ్డ. పక్క చక్రాలుంటే బండి వంగదు, హ్యాండిలే తిప్పాలె. ఈ ఒక్క మాట ముందుగాల ఎవరన్న చెప్తే మోచెయ్యి మిగులుతుండె.

జడ్చర్ల_ఓటీ:
నేను ఓటీనే, హైదరాబాద్‌ల చేస్త. తమ్మీ, చెయ్యి సంగతి తర్వాత, ముందు ఇది చూడు: బాపు తిన్నంక పళ్లెంల ఎడమదిక్కు కూర అట్లనే మిగులుతుందా? గడ్డం గీసుకుంటే ఎడమ చెంప వదిలేస్తుండా? కుడి మెదడుకు దెబ్బ తగిల్తే కొందరికి ఎడమదిక్కు అనేదే సోయిల ఉండదు, దీన్ని నెగ్లెక్ట్ అంటం. కన్ను మంచిగనే ఉంటది, మెదడు ఆ దిక్కును లెక్కలకు తీసుకోదు, అందుకే ఆయనకు తేడా ఉన్నట్టే అనిపియ్యదు. మనం నడిపేది ఎడమపక్క, సైకిలు, గొర్లు, ఆగిన ట్రాక్టరు అన్నీ ఆ దిక్కే, పైంగ స్టీరింగ్ కుడికి ఉంటది కాబట్టి కారు ఎడమ అంచు మామూలోళ్లకే అందాజ దొరకది. చెయ్యి పట్టు లేకుంటే స్టీరింగ్‌కు తిప్పే నాబ్ బిగిస్తరు, గేరు బాధ ఆటోమేటిక్‌తోని పోతది. దీనికి మాత్రం బిగించే సామానేం లేదు. మేం చేసేది కూడా పెద్ద మిషన్లేం కాదు, గడియారం గీయమంటం, అంకెలు అక్షరాలు వరుసల కలుపుమంటం, బ్రేక్ మీదికి కాలు ఎంత జల్దీ పోతుందో చూస్తం, అన్నీ బాగుంటెనే రోడ్డు మీద పరీక్ష, అది గూడ డ్యూయల్ బ్రేకుల కార్ల, అంటే పక్కన కూసున్నోళ్లకు గూడ ఒక బ్రేక్ ఉంటది. లైసెన్స్ సంగతి డాక్టరు సర్టిఫికెట్, ఆర్టీఏ ఆఫీసు చూస్కుంటయి, మాది సలహానే. ఫిట్స్ ఏమన్న వచ్చి ఉంటే డాక్టరు దగ్గర దాయకుండ్రి.

ఎడమకాలు_మిర్యాలగూడ:
నాకు యాక్సిడెంట్ల కుడికాలు మోకాలు కింద పోయింది. ఎడమకాలికి యాక్సిలరేటర్ బిగించుకున్న, పాత పెడల్ మీద మూత ఉంటది. మా ఊర్ల డ్రైవింగ్ స్కూలోళ్లు మొఖమ్మీదనే వద్దన్నరు. ఓటీ మేడం నెల రోజులు కుర్చీల కూసోబెట్టి నేల మీద చాక్‌పీసుతోని పెడళ్లు గీసి తొక్కిపిచ్చింది, ఎందుకంటే బ్రేక్ అనంగనే నాకు లేని కాలే లేస్తుండె. నవ్వకుండ్రి, నిజం. ఇంకోటి, ఇట్ల మార్పిచ్చినంక ఆర్సీల ఎక్కియ్యాలె, ఇన్సూరెన్సోళ్లకు గూడ చెప్పాలె.

బత్తాయితోట:
అక్కా, నిన్న రాత్రి కాయితమిచ్చి గడియారం గీయమన్న. 1 నుంచి 12 దాక అంకెలన్నీ కుడి సగంలనే కుక్కిండు. నేనేం అనలే. బాపే కాయితం జరంతసేపు చూసి "మంచిగనే ఉంది కదరా" అన్నడు. తాళాలు మా అమ్మ బియ్యం డబ్బాల దాచింది. సోమవారం హైదరాబాద్ తోల్కొస్త, పాత స్కానింగ్ కాయితాలు గూడ తేవాల్నా?

జడ్చర్ల_ఓటీ:
తే. కంటద్దాలు గూడ మర్చిపోకు.