'చాలా బాగుంది' అని ఇంగ్లీషులో చెప్పాలంటే పెద్ద మాటలు కావాలా, 'వెరీ గుడ్' చాలదా?

బెజవాడ లెక్చరర్:
ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. మా ఊళ్ళో ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు పిల్లలకు ఒక కాగితం పంచారు. ఇకపై 'గుడ్' అనే మాటే రాయొద్దట. దాని బదులు వాడాల్సినవి: మాగ్నిఫిసెంట్, ఫినామినల్, మైండ్ బ్లోయింగ్, బీస్ నీస్, ద బెస్ట్ థింగ్ సిన్స్ స్లైస్డ్ బ్రెడ్... ఇలా రెండు పేజీలు. కాలేజీ లైబ్రరీ గురించి రాయమంటే ఒక కుర్రాడు 'అవర్ లైబ్రరీ ఈజ్ వెరీ ఫినామినల్ అండ్ ద బీస్ నీస్' అని రాసుకొచ్చాడు. నేను కొట్టేసి 'వెరీ గుడ్' అని దిద్దాను. తోటి లెక్చరర్‌కి అది నచ్చలేదు. "రేపు ఐఈఎల్‌టీఎస్ పరీక్ష రాసి విదేశాలకు చదువుకు వెళ్ళాల్సిన పిల్లలండీ, వెరీ గుడ్ అంటే మార్కులెవరు వేస్తారు?" అన్నారు. తెలిసిన చిన్న మాట తప్పులేకుండా రాయడమే మేలని నా నమ్మకం. మీరేమంటారు?

ఐఈఎల్‌టీఎస్ కోచ్:
మీ తోటి లెక్చరర్ గారితోనే నేను ఏకీభవిస్తాను మేడమ్. రైటింగ్‌లోనైనా స్పీకింగ్‌లోనైనా నాలుగు అంశాలు చూసి మార్కులు వేస్తారు. అందులో పదసంపద ఒకటి, అంటే పావు వంతు. తొమ్మిదికి ఏడు, అంటే బ్యాండ్ 7 రావాలంటే అంతగా వాడుకలో లేని మాటలు కూడా వాడగలగాలని మార్కుల పద్ధతిలోనే రాసి ఉంది. పేజీ అంతా గుడ్, వెరీ గుడ్, సో గుడ్ అని నింపిన పిల్ల ఎంత తప్పుల్లేకుండా రాసినా పదసంపదలో ఆరు దగ్గరే ఆగిపోతుంది. ఆ పిల్ల వీసా, సీటు ఆ అర బ్యాండ్ మీద ఆధారపడి ఉంటాయి. 'చిన్న మాట చాలు' అనడం ఉద్యోగంలో స్థిరపడ్డ మనకు తేలికే, వాళ్ళకు కాదు.

పాత డిక్షనరీ:
కోచ్ గారూ, మీరు చెప్పిన ఆ బ్యాండ్ 7 వాక్యాన్ని చివరిదాకా చదవండి. అరుదైన మాటలు వాడాలి అని ఊరుకోలేదు. శైలి మీద, ఏ మాట పక్కన ఏ మాట ఇముడుతుందన్న దాని మీద ఎరుక ఉండాలని కూడా అంది. అసలు కథంతా అక్కడే ఉంది.

'వెరీ ఫినామినల్' ఎందుకు కుదరదు? ఇంగ్లీషులో గుడ్, నైస్, టేస్టీ లాంటివి కొలతకు లొంగే మాటలు. వాటి ముందు వెరీ వేసుకోవచ్చు. ఎక్సలెంట్, బ్రిలియంట్, ఫినామినల్ అప్పటికే చివరి మెట్టు మీద ఉన్నాయి. వాటికి వెరీ అతకదు, అబ్సల్యూట్లీ అతుకుతుంది. అబ్సల్యూట్లీ బ్రిలియంట్ అంటారు, అబ్సల్యూట్లీ గుడ్ అనరు. ఈ ఒక్క సంగతి చెప్పకుండా రెండు పేజీల మాటలు చేతిలో పెడితే పిల్లలు ఏం చేస్తారు?

ఇక రెండోది. ప్రతి మాటకూ తన చోటు ఉంది. స్టన్నింగ్ ఎక్కువగా కంటికి కనిపించే వాటికి వస్తుంది. ఇంపెకబుల్ నడవడికకు, సర్వీసుకు, టైమింగ్‌కు. ఫ్లాలెస్ వజ్రానికి, డాన్సుకు, ఉచ్చారణకు. ఎక్స్‌క్విజిట్ నగిషీ పనికి, నేతకు, సన్నటి రుచికి. ఒక లైబ్రరీని స్టన్నింగ్ అన్నామంటే చదివేవాడు భవనాన్ని ఊహించుకుంటాడు, పుస్తకాలను కాదు. ఈ లెక్కన ఆ కాగితం ఇచ్చినవాళ్ళు సగం పనే చేశారు. తాళంచెవుల గుత్తి ఇచ్చి ఏది ఏ తలుపుదో చెప్పకుండా పంపేశారు.

జాతీయాల సంగతి ఇంకా కష్టం. 'బీస్ నీస్' అంటే మాటకు మాటగా తేనెటీగ మోకాళ్ళు, భావం 'భలే గొప్పది' అని. అది 1920ల అమెరికా కుర్రకారు మాట. ఇప్పుడు అది వాడేవాళ్ళు పాతకాలపు సరదా కోసం వాడతారు. స్లైస్డ్ బ్రెడ్ సంగతి వినండి. ముక్కలుగా కోసి, పొట్లం కట్టిన బ్రెడ్ మొదట అమ్మింది 1928 జులైలో, మిజోరి రాష్ట్రంలోని చిల్లికోతి అనే ఊళ్ళో. ఆ మిషన్ తయారుచేసినవాడు ఓటో రోవెడర్. జనం దానికి ఎంత అలవాటుపడ్డారంటే, 1943లో యుద్ధం పేరుతో ప్రభుత్వం దాన్ని నిషేధిస్తే రెండు నెలలు తిరక్కుండానే ఎత్తేయాల్సి వచ్చింది. ఆ బ్రెడ్ తర్వాత ఇంత గొప్పది రాలేదు అనే పొగడ్త అలా పుట్టింది. కానీ ఇవాళ అదే మాటను 'తానేదో పెద్ద గొప్పవాణ్ణనుకుంటున్నాడు' అని దెప్పడానికీ వాడతారు. పదిహేడేళ్ళ పిల్లాడు ఆ తేడా ఎలా పసిగడతాడు?

అట్లాంటా తెలుగు:
డిక్షనరీ గారు చెప్పినదానికి దేశం తేడా కూడా కలపాలి. ఇక్కడ అమెరికాలో ఆసమ్ అనేది 'సరే' అన్నంత తేలిక మాట. హోటల్లో ఆర్డర్ చెప్తే ఆసమ్, పేరు చెప్తే ఆసమ్. దానికి పొంగిపోతే మోసపోయినట్టే. క్వైట్ గుడ్ అంటే ఇక్కడ 'చాలా బాగుంది' కిందికి వస్తుంది. అదే బ్రిటన్‌లో 'ఫర్వాలేదు' దగ్గరే ఆగుతుంది. అక్కడివాళ్ళు నిజంగా మెచ్చుకుంటే నాట్ బ్యాడ్ అట్ ఆల్ అంటారు. మనవాళ్ళు 'మామూలుగా లేదు' అనట్లేదూ, కాదనే మాటతోనే ఆకాశానికెత్తడం మనకూ తెలిసిందే.

ఎమ్మెస్ సీట్లకు సిఫార్సు ఉత్తరాలు రాసే లెక్చరర్లకు మాత్రం ఒక్క మాట. ఇక్కడి యూనివర్సిటీలకు 'గుడ్ స్టూడెంట్' అని రాస్తే చప్పగా ఉందనుకుంటారు. అలాగని ఎక్స్‌ట్రార్డినరీ, ఫినామినల్, అవుట్‌స్టాండింగ్ మూడూ ఒకే వాక్యంలో కుక్కితే నమ్మరు. 'నేను పాఠం చెప్పిన బ్యాచ్‌ల్లో మొదటి అయిదు శాతంలో ఉంటాడు, ఫలానా ప్రాజెక్టులో ఫలానా పని ఒంటరిగా చేశాడు' అని రాయండి. చాలా చోట్ల ఫారంలోనే ఆ శాతం అడుగుతారు.

ల్యాబ్ కోటు:
సైన్సు రాతల్లో ఏం జరిగిందో చూస్తే మేడమ్ భయం అర్థమవుతుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు 1974 నుంచి 2014 దాకా పబ్‌మెడ్ అనే వైద్య పరిశోధనల ఆన్‌లైన్ జాబితాలో ఉన్న వ్యాసాల శీర్షికలు, సంగ్రహాలు వెతికి 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లెక్క ప్రచురించారు. నావెల్, ఇన్నోవేటివ్, రోబస్ట్, అన్‌ప్రెసిడెంటెడ్ లాంటి పొగడ్త మాటలున్న వ్యాసాలు మొదట్లో 2 శాతం ఉంటే, 2014కి 17.5 శాతం అయ్యాయి. ఆ నలభై ఏళ్ళలో పరిశోధన అన్ని రెట్లు గొప్పదైపోయిందా? అందరూ అన్‌ప్రెసిడెంటెడ్ అంటుంటే నిజంగా మునుపెన్నడూ లేనిది కనిపెట్టినవాడికి మాట మిగలదు. నాకు బాధ కలిగించేది అదే.

కూకట్‌పల్లి కుర్రోడు:
అందరూ పరీక్షలు, ఉత్తరాలు, జర్నళ్ళే మాట్లాడుతున్నారు. మాట బతికేది బయట కదా సార్. భాష ఎప్పుడూ ఇలాగే పొంగుతుంది. టెరిఫిక్ అంటే ఒకప్పుడు భయపెట్టేది అనే అర్థం, ఇప్పుడు పొగడ్త. ఆసమ్ కూడా భయభక్తుల మాటే. మనం క్లైమాక్స్ ఫైట్ చూసి 'అరాచకం', 'విధ్వంసం' అనట్లేదా? అర్థం చెడ్డదైనా ఎవరూ పొరపాటు పడరు. ఏవన్ చాయ్ అంటాం, ఆ ఏవన్ లండన్‌లో లాయిడ్స్ రిజిస్టర్ వాళ్ళు ఓడలకు ఇచ్చిన గ్రేడు. ఓడ కట్టుబడికి ఏ, లంగర్లు, తాళ్ళ లాంటి సామాన్లకు 1. కోఠి దగ్గర చాయ్ తాగేవాడికి ఆ ఓడతో పనిలేదు, అయినా మాట చక్కగా కుదిరింది. గోట్ కూడా అంతే, గ్రేటెస్ట్ ఆఫ్ ఆల్ టైమ్‌కి పొడి అక్షరాలు. ముహమ్మద్ అలీ భార్య 1992లోనే ఆ అక్షరాలతో కంపెనీ పెట్టింది. ఇప్పుడు కోహ్లీకి, మెస్సికి అందరూ అదే అంటున్నారు. తప్పు రాస్తారనే భయంతో పిల్లల నోట్లోంచి ఈ ఉత్సాహం లాగేయకండి.

పాత డిక్షనరీ:
ఉత్సాహం లాగేయమని నేను అనలేదు తమ్ముడూ. చాటింగ్‌లో గోట్ అను, ఫైర్ అను, ఎవరికీ అభ్యంతరం లేదు. నువ్వు అరాచకం అన్నప్పుడు ఎదుటివాడు నీ సినిమా, నీ వయసు, నీ నవ్వు అన్నీ కలిపి అర్థం చేసుకుంటాడు. పరీక్ష పేపరుకు నవ్వు ఉండదు. మేనేజర్‌కి పంపే మెయిల్‌కి గొంతు ఉండదు. అక్కడ మాట ఒంటరిగా నిలబడాలి. మన భాషలో ఏ మాట ఎక్కడ అనాలో పుట్టినప్పటి నుంచీ విని నేర్చుకున్నాం. ఇంగ్లీషులో ఆ వినికిడి మన పిల్లల్లో చాలామందికి లేదు. అందుకే లిస్టు చదివి వాడొద్దు, వాక్యంలో విని వాడమంటున్నాను.

బెజవాడ లెక్చరర్:
ఇవాళ ఆ కుర్రాణ్ణి పిలిచి, "లైబ్రరీ బాగుందన్నావు కదా, నీకు ఏం నచ్చింది?" అని అడిగాను. సాయంత్రం ఏడింటిదాకా తెరిచి ఉంటుంది, ఎంసెట్ పాత పేపర్లన్నీ దొరుకుతాయి, లైబ్రేరియన్ గారు అడిగిన పుస్తకం వెతికి ఇచ్చేదాకా కూర్చోరు అన్నాడు. అవే మూడు వాక్యాలుగా రాయమన్నాను. రాశాడు. గుడ్ అనే మాట కూడా అవసరం రాలేదు.

ఐఈఎల్‌టీఎస్ కోచ్:
బాగా రాయించారు మేడమ్. దానికి ముందు 'వెల్ స్టాక్డ్ లైబ్రరీ' అనీ, ఆ లైబ్రేరియన్ గారికి 'ఇన్‌క్రెడిబ్లీ హెల్ప్‌ఫుల్' అనీ పెట్టించండి. పరీక్షకు కావాల్సింది ఇలాంటి జంటలే. అయినా నా సందేహం తీరలేదు. స్పీకింగ్‌లో కార్డు ఇచ్చి ఒక్క నిమిషమే ఆలోచించుకోనిస్తారు. అంత తీరిగ్గా వివరం గుర్తుచేసుకునే టైమ్ ఎక్కడిది? టెన్షన్‌లో పిల్లల నోటికి వచ్చేది వెరీ గుడ్డే.

పాత డిక్షనరీ:
అక్కడికి జంటలుగానే నేర్పండి, అదీ తక్కువగా. తిండికి అబ్సల్యూట్లీ డెలీషస్, చూసిన చోటుకు బ్రెత్‌టేకింగ్ వ్యూ, మనిషికి ఇన్‌క్రెడిబ్లీ కైండ్, ఆటకు అవుట్‌స్టాండింగ్ పెర్ఫార్మెన్స్. ఒక్కోదానికి పిల్లలు తమ ఊరి నుంచి ఒక వాక్యం చెప్పాలి. పాపికొండలకు బ్రెత్‌టేకింగ్ వస్తుంది, పూతరేకుకు రాదు. ఆ తేడా నోటికి పట్టాక అయిదోది ఇవ్వండి.