జడ్‌వీఎంకి ప్రాసెసర్లు డెడికేట్ చేయాలా, షేర్డ్‌లో పెట్టాలా?

పర్లాకిమిడి కుర్రోడు: అన్నలూ, ఇది కాస్త తేల్చండి. ఆఫీసు భువనేశ్వర్లో, నేనేమో ఇంటినుంచి, ఈ ఊళ్లో దీని గురించి మాట్లాడే మనిషే లేడు. మా ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో ఐఎఫ్‌ఎల్‌లు (లైనక్స్ పనికి కేటాయించిన ప్రాసెసర్లు) పది. ఎల్‌పార్‌లు (మెషీన్‌ని విడగొట్టిన భాగాలు) రెండు, ప్రొడక్షన్, టెస్ట్, రెండింట్లోనూ జడ్‌వీఎం (చాలా వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్), దాని కింద లైనక్స్ గెస్టులు, అంటే ఆ వర్చువల్ మెషీన్లు. నెలాఖరు వచ్చేసరికి ప్రొడక్షన్ డేటాబేస్ నత్తనడక. ఏడు ప్రొడక్షన్‌కి డెడికేట్ చేసి (దానికొక్కదానికే కట్టేసి) మూడు టెస్ట్‌కి వదిలేద్దాం అంటున్నారు మా లీడ్. నాకూ అదే మేలనిపిస్తోంది, టెన్షన్ ఉండదు.

బరంపురం వాసి: వద్దు తమ్ముడూ. డెడికేట్ చేశాక నెలాఖరున టెస్ట్‌లో మూడూ ఖాళీగా ఉన్నా ప్రొడక్షన్‌కి ఒక్కటీ రాదు, నీకు కావలసిందేమో సరిగ్గా ఆ రోజునే. పదీ షేర్డ్‌లో, అంటే రెండింటికీ ఉమ్మడిగా పెట్టి, వెయిట్లు (ఎవరి వాటా ఎంతో చెప్పే అంకెలు) ప్రొడక్షన్‌కి 700, టెస్ట్‌కి 300 ఇవ్వు. రెండూ ఒకేసారి లాగితే ఏడు, మూడు చొప్పున వస్తాయి, ఒకటి వాడకపోతే మిగిలింది రెండోదానికి పోతుంది. ప్రొడక్షన్ ఎల్‌పార్‌కి కనిపించే లాజికల్ సీపీయూలు మాత్రం ఏడు దగ్గరే ఆపకు, ఆపితే ఆ మిగులు అందదు.

రాయగడ మాస్టారు: షేర్డ్‌లో ఇవాళ గంటలో అయిన పని రేపు గంటన్నర పడుతుంది, యూజర్లు ఫోన్ చేసేది మనకే. పైగా ప్రాసెసర్ చేతులు మారినప్పుడల్లా క్యాష్ (ప్రాసెసర్ తన దగ్గరుంచుకునే డేటా) మొదటికొస్తుంది. డేటాబేస్‌కి నా ఓటు డెడికేటెడ్‌కే.

బరంపురం వాసి: క్యాష్ మాట కాదనను మాస్టారూ. కానీ 2013లో జడ్‌వీఎం 6.3తో హైపర్‌డిస్పాచ్ (పనిని వీలైనంత అదే ప్రాసెసర్ మీద ఉంచే పద్ధతి) వచ్చాక, వెయిట్‌తో వచ్చిన వాటాలో చాలావరకు వర్టికల్ హై సీపీయూలే, అవి దాదాపు ఎప్పుడూ అదే ప్రాసెసర్ మీద నడుస్తాయి. తమ్ముడూ, అసలు తేడా ఎల్‌పార్ లోపల ఉందేమో. డేటాబేస్ నడిచే గెస్టుకి వర్చువల్ సీపీయూలెన్ని, షేర్ (ఎల్‌పార్ లోపల గెస్టుకిచ్చే వాటా) ఎంత?

పర్లాకిమిడి కుర్రోడు: ఎనిమిది. స్లోగా ఉందని పోయినేడాది నాలుగుని ఎనిమిది చేశారట. క్వెరీ షేర్ కమాండ్ కొడితే రెలటివ్ (మిగతా గెస్టులతో పోల్చి లెక్కేసే వాటా) 100 అని వచ్చింది.

బరంపురం వాసి: అదిగో! షేర్ గెస్టు మొత్తానికి ఒకటే, దాన్నే వర్చువల్ సీపీయూలకు పంచుతారు. నాలుగున్నప్పుడు ఒక్కోదానికి 25, ఇప్పుడు పన్నెండున్నర. అదే ఎల్‌పార్‌లో ఒక్క సీపీయూతో ఉన్న ఏ చిన్న గెస్టుకైనా డిఫాల్టుగా 100 ఉంటుంది, అంటే పోటీ వచ్చినప్పుడు దాని సీపీయూకి నీ డేటాబేస్ సీపీయూ కంటే ఎనిమిది రెట్ల బలం. బలం పెంచుదామని సీపీయూలు కలిపితే ఒక్కోటీ బలహీనపడింది, ఇది నేను చాలాచోట్ల చూశాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది. లైనక్స్‌లో టాప్ కమాండ్ తెరిచి స్టీల్ (సీపీయూ దొరక్క గెస్టు ఎదురుచూసిన టైము శాతం) చూడు.

పర్లాకిమిడి కుర్రోడు: చూశానన్నా, మామూలు రోజునే రెండంకెల్లో ఉంది.

రాయగడ మాస్టారు: షేర్ లెక్క ఒప్పుకుంటాను, అది ముందు సరిచేయాల్సిందే. డెడికేటెడ్ విషయంలో మాత్రం నా మాట నాదే, టైము రోజూ ఒకేలా రావడం నాకు ముఖ్యం.

బరంపురం వాసి: ముందు సెట్ షేర్ కమాండ్‌తో రెలటివ్ 800 చెయ్యి, గెస్టుని దించక్కర్లేదు, వెంటనే పనిచేస్తుంది. జడ్‌వీఎం డైరెక్టరీలో (గెస్టుల సెట్టింగులుండే చోట) కూడా మార్చు, లేకపోతే మళ్లీ లాగాన్ అయినప్పుడు పాతదే వస్తుంది. ఒక నెలాఖరు గడిచాక స్టీల్ ఎంతుందో ఇక్కడే రాయి, ఎల్‌పార్ సంగతి అప్పుడు మాట్లాడదాం.