ఏటా ఆరు నెలలు అమెరికాలో పిల్లల దగ్గర ఉండాలంటే: విజిటర్ వీసా చాలా, గ్రీన్ కార్డు తీసుకోవాలా?

మల్కాజిగిరి మాస్టారు:
అందరికీ నమస్కారం. మాకు ఒక్కతే అమ్మాయి, న్యూజెర్సీలో ఉంటుంది. 2018లో మా దంపతులకు పదేళ్ల బి1/బి2 విజిటర్ వీసా వచ్చింది. వెళ్లిన ప్రతిసారీ అయిదున్నర నెలలు ఉండి వస్తున్నాం. కిందటి ప్రయాణంలో విమానం దిగాక ఇమిగ్రేషన్ అధికారి నా పాస్‌పోర్టు పేజీలు వెనక్కి తిప్పుతూ, శంషాబాద్‌లో వేసిన ముద్రల మీద వేలు పెట్టి నెలలు లెక్కించాడు. "నవంబరులో వెళ్లారు, ఏప్రిల్‌లో మళ్లీ వచ్చారు. అసలు మీ ఇల్లు ఎక్కడ?" అని అడిగాడు. మల్కాజిగిరిలో సొంత ఇల్లు ఉందనీ, పింఛను అక్కడే వస్తుందనీ చెప్పాను. ఇంటి పన్ను రసీదు చేతిసంచిలోనే ఉంది, చూపించమనలేదు. చివరికి ఆరు నెలలు ఇచ్చాడు గాని, "ఈసారి ఇంత త్వరగా రావద్దు" అన్నాడు. పక్కన మా ఆవిడ చేతులు చల్లబడిపోయాయి.

అమ్మాయికి ఈ మధ్యే పౌరసత్వం వచ్చింది. మా ఇద్దరికీ గ్రీన్ కార్డు పెడతానంటోంది. నేను వద్దంటున్నాను. అది అక్కడ కాపురం ఉండేవారికి ఇచ్చేది. చుట్టపుచూపుగా వెళ్లివచ్చేవాళ్లం ఆ కార్డు పుచ్చుకోవడం నాకు న్యాయంగా తోచడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

డాలస్ కూతురు:
బాబాయిగారూ, మీ మాటను గౌరవిస్తూనే కాదంటున్నాను. నాన్న పోయాక అమ్మ కూకట్‌పల్లిలో ఒంటరిగా ఉండేది. విజిటర్ వీసాపై వచ్చినప్పుడు గుండెనొప్పి వచ్చింది. సందర్శకుల బీమా వాళ్లు పాత జబ్బు అని చెప్పి డబ్బు ఇవ్వలేదు. ఆ బిల్లు తీర్చడానికి మాకు రెండేళ్లు పట్టింది. ఆ తరువాతే గ్రీన్ కార్డుకు పెట్టాను.

21 ఏళ్లు దాటిన పౌరులు తల్లిదండ్రుల కోసం ఐ-130 (గ్రీన్ కార్డుకు వేసే మొదటి పిటిషన్) వేస్తే, తోబుట్టువుల కేసుల్లాగా దశాబ్దాల తరబడి వరుసలో నిలబడనక్కరలేదు. ఏడాదికి ఇన్నే అన్న పరిమితి తల్లిదండ్రులకు లేదు. ఇంటర్వ్యూకు అమ్మను ముంబై తీసుకెళ్లాం. ఇప్పుడు ఆమెకు అమెరికా ఆరోగ్య బీమా ఉంది, పాత జబ్బులని కాదనడానికి వీల్లేదు. 65 దాటినవారు శాశ్వత నివాసిగా వరుసగా అయిదేళ్లు ఉంటే, ప్రీమియం కట్టి మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాలోనూ చేరవచ్చు. డెబ్బై దాటాక ప్రతి ప్రయాణానికీ ఆ అధికారి ముందు వణుకుతూ నిలబడాలా?

పద్మారావునగర్ వాసి:
అమ్మా, నీ కష్టం అర్థమైంది. కానీ మీ అమ్మగారు నీ దగ్గరే ఉంటున్నారు. మాస్టారి పరిస్థితి వేరు. మా కథ వినండి. 2015లో కార్డు తీసుకున్నాం. మొదటి రెండేళ్లు బాగానే గడిచాయి. తరువాత మా అత్తగారు మంచాన పడ్డారు. తొంభై ఏళ్ల మనిషిని వదిలి ఎలా వెళ్తాం? ఆరు నెలలు దాటి బయట ఉంటే, తిరిగి వెళ్లినప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి. ఏడాది దాటబోతుంటే రీ-ఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి అనుమతి పత్రం) ముందే తీసుకోవాలి, దానికి అమెరికాలో ఉండగానే దరఖాస్తు చేయాలి. మేం చేయలేదు. పద్నాలుగు నెలలు హైదరాబాద్‌లోనే ఉండిపోయాం.

చివరికి కార్డు వదులుకునే ఫారం ఐ-407 మీద సంతకం చేసి కార్డులు అప్పగించేశాం. మొదటిసారి వీసా తీసుకున్నప్పుడు కాన్సులేట్ బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉండేది. 2023లో నానక్‌రామ్‌గూడకు మారాక అక్కడికి వెళ్లి మళ్లీ విజిటర్ వీసా అడిగాం. కార్డు అప్పగించిన కాగితం చూసి, రెండు ప్రశ్నలు వేసి ఇచ్చారు. అందరికీ ఇస్తారని నేను చెప్పలేను. కార్డు చేతిలో ఉన్నన్నాళ్లు మాత్రం హైదరాబాద్‌లో ఉన్న ప్రతి నెలా అపరాధంలా అనిపించేది.

లెక్కలు చూసేవాడిని:
ఇద్దరూ పన్ను మాట ఎత్తలేదు. గ్రీన్ కార్డు ఉన్నవారు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికా పన్ను రిటర్నులో చూపాలి. మల్కాజిగిరి ఇంటి అద్దె, బ్యాంకు డిపాజిట్ల వడ్డీ, అమ్మిన ప్లాటు మీద లాభం, అన్నీ. అమెరికా బయటి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజు 10,000 డాలర్లు దాటినా విడిగా తెలియజేయాలి. మ్యూచువల్ ఫండ్లు ఉంటే ఆ ఫారాలు ఇంకా చిక్కు. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ చాలావరకు మినహాయింపు దొరుకుతుంది, రిటర్ను వేయడం మాత్రం తప్పదు.

మాస్టారూ, విజిటర్ వీసా అయితే ఈ బాధ లేదనుకోకండి. ఈ ఏడాది అక్కడున్న రోజులు పూర్తిగా, నిరుటివి మూడో వంతు, అంతకు ముందటివి ఆరో వంతు కలుపుతారు. మొత్తం 183కు చేరితే పన్ను విషయంలో మిమ్మల్నీ నివాసిగానే లెక్కిస్తారు. ఏటా 165 రోజులు ఉంటే 165, 55, 27.5 కలిపి 247.5 అవుతుంది. ఆ ఏడాది 183 రోజులకు లోపే ఉండి, ఇల్లూ జీవితమూ భారతదేశంలోనే ఉన్నాయని ఫారం 8840 ద్వారా తెలియజేస్తే బయటపడవచ్చు. మీలాంటివారిలో ఎంతమంది ఆ ఫారం వేశారు? నా దగ్గరికి వచ్చినవారిలో ఒక్కరూ వేయలేదు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

నల్లకుంట:
మరొకటి. పదేళ్ల వీసా అంటే పదేళ్లు ఉండవచ్చని కాదు. ఎన్నాళ్లు ఉండాలో ఐ-94 అనే ప్రవేశ పత్రంలో ఉన్న తేదీయే చెబుతుంది. అది ఒక్క రోజు దాటినా ఆ వీసా చెల్లదు. ఆ తేదీ దాటి ఉన్న కాలం 180 రోజులు మించితే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు రానివ్వరు. విమానం దిగిన రోజే ఆ తేదీ చూసుకుని కాగితం మీద రాసుకోండి.

టొరంటో కొడుకు:
మా అమ్మానాన్నలు కెనడా సూపర్ వీసాపై వస్తారు. 2022 నుంచి ఒక్కసారి వస్తే అయిదేళ్ల వరకు ఉండవచ్చు. కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా చూపాలి. స్థిరపడకుండా ఎక్కువ కాలం ఉండే తల్లిదండ్రుల కోసమే చేసిన వీసా అది. అమెరికాలో అలాంటిది లేకపోవడమే మీ చిక్కంతటికీ మూలం.

డాలస్ కూతురు:
పన్ను సంగతి ఒప్పుకుంటున్నాను. అమ్మకు అద్దె ఆదాయం లేదు కాబట్టి మాకు భారం కాలేదు. బాబాయిగారూ, ఒక్కటి అడుగుతాను. పిన్నిగారు ఏమంటున్నారు? ఇద్దరికీ వేర్వేరు పిటిషన్లు వేయాలి, కాబట్టి ఇద్దరి నిర్ణయమూ ఒకటే కావాలని లేదు. అయితే పిటిషన్ వేశాక విజిటర్ వీసాపై వెళ్తే, స్థిరపడటానికే వస్తున్నారన్న అనుమానం పెరుగుతుంది. ఆ సంగతి ముందే ఆలోచించుకోండి.

మల్కాజిగిరి మాస్టారు:
నిజం చెబుతున్నాను, ఆవిడను అడగలేదు. నిన్న రాత్రి మీరందరూ రాసింది చదివి వినిపించాను. "మీరున్నంత కాలం ఈ ఇల్లు చాలు. మీరు లేకపోతే నేను అమ్మాయి దగ్గరికే వెళ్తాను, అప్పుడు నా ఒక్కదానికి వేయమని చెప్పండి" అంది. ఆ తరువాత చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.

ప్రస్తుతానికి పిటిషన్ వేయవద్దని అమ్మాయికి ఫోను చేసి చెప్పాను. బతుకమ్మ, దీపావళి ఇక్కడే. సంక్రాంతి దాటాక వెళ్లి మూడు నెలలకే తిరిగి వస్తాం. లెక్కల బాబూ, ఫారం 8840 పాత సంవత్సరాలకు ఇప్పుడు వేయవచ్చా? పాస్‌పోర్టు ముద్రలు చూసి వెళ్లిన, వచ్చిన తేదీలన్నీ నోటుపుస్తకంలో రాసి పెట్టాను.