గెడ్డ క్లీన్ చేసిన వారానికే మళ్ళీ చెత్త, ఏం చెయ్యాలండి?

ఆరిలోవ_గెడ్డొడ్డు:
అందరికీ నమస్కారం. మాది విశాఖలో ముడసర్లోవ దగ్గర. కంబాలకొండ వైపు నుంచి దిగే చిన్న గెడ్డ (వాగు) ఒకటి మా కాలనీ వెనకాల నుంచే పోతుంది, ఎండాకాలం చూస్తే మురిక్కాలవ అనుకుంటారు, వాన పడిందంటే మాత్రం ఎర్రగా ఉరుకుతూ ముడసర్లోవ రిజర్వాయర్ వైపు పోతుంది. ఓ పదకొండు మందిమి కలిసి మూడు ఆదివారాలు దిగి 23 బస్తాల చెత్త తీసాం. నాలుగో ఆదివారం వెళ్తే అసలు మేం ఎప్పుడూ దిగనట్టే ఉంది. పాల ప్యాకెట్లు, కవర్‌తో సహా పారేసిన పూజ పువ్వులు, థర్మాకోల్ ప్లేట్లు, కోడి ఈకల బస్తా ఒకటి (అది విప్పిన కుర్రాడు ఆ రోజు టిఫిన్ ముట్టలేదు). సగం మంది రావడం మానేసారు. ఇప్పుడు మా కాలనీలో ఒకాయన, అడుగుకీ గోడలకీ సిమెంట్ వేయించేస్తే పీడా పోతుందని లెటర్ రాసి సంతకాలు పెట్టిస్తున్నారు. నేనింకా పెట్టలేదు. పెట్టమంటారా?

పన్ను_కట్టినోడు:
పన్ను కడుతున్నాం కదా, మళ్ళీ మనమే గెడ్డలో దిగడం ఏటండి. సంతకం పెట్టి గమ్మున ఉండండి.

నూతిగట్టు:
పై ఆయన మాటకి కోపం రాలేదు, నేనూ ఒకప్పుడు అలాగే అన్నాను. మాది గోపాలపట్నం సైడు, సింహాచలం కొండ నుంచి దిగే గెడ్డ. మేమూ మీలాగే బస్తాలు లెక్కపెట్టుకుని ఫొటోలు దిగి వాట్సాప్‌లో పెట్టుకునేవాళ్ళం. ఆర్నెల్లు పోయాక విసుగొచ్చి ఓ ఆదివారం చెత్త తియ్యడం మానేసి ఊరికే నడిచాం, పైనుంచి కింద దాకా, నోట్‌బుక్ పట్టుకుని. గెడ్డ పొడుగునా అందరూ పారేస్తున్నారు అనుకున్నాం గానీ తీరా చూస్తే పడేది మూడే మూడు చోట్ల. అందులో పెద్దది ఒక కల్వర్టు, దాని పైన కొండవాలు మెట్ల సందు, చెత్త బండి ఎక్కలేదు. బండి కింద రోడ్డు మీదకొచ్చేది తొమ్మిదింటికి, ఆ సందులో ఆడవాళ్ళు ఏడింటికే పనికి వెళ్ళిపోతారు. మరి ఇంట్లో చెత్త ఏం చేస్తారు? పోయేటప్పుడు కల్వర్టు మీంచి విసిరేస్తారు. మేం వాళ్ళని అన్నాళ్ళు తిట్టుకున్నాం, ఒక్కసారి కూడా వెళ్ళి అడగలేదు, అదీ మా ఘనకార్యం. మెట్ల కింద ఇంట్లో ఉండే మామ్మగారిని బతిమాలి ఆవిడ అరుగు పక్కన రెండు మూత డ్రమ్ములు పెట్టాం, తడిదొకటి పొడిదొకటి, బండి వచ్చినప్పుడు ఆవిడ మనవడు దొర్లించుకెళ్తాడు. పూర్తిగా ఆగిందని చెప్పను, పండగ మర్నాడు మళ్ళీ పడుతుంది. కానీ మిగతా రోజుల్లో బాగా తగ్గింది. కోడి ఈకలంటారా, అది కొట్టువాళ్ళ పనే, ఆదివారం రాత్రి పదింటికి వెళ్ళి నిలబడండి, తెలిసిపోతుంది. గొడవకి మాత్రం దిగొద్దు.

రిటైర్డ్_ఓవర్సీర్:
బాబూ, ఆ సంతకం పెట్టకు. అడుగున సిమెంట్ పోస్తే నీళ్ళు భూమిలోకి దిగవు, చుట్టుపక్కల నూతులూ బోర్లూ ఎండుతాయి, పైగా నున్నటి నేల మీద నీటికి జోరెక్కి సిమెంట్ ఆగిపోయిన చోట గట్టుని కోసేస్తుంది. చెత్త ఎలాగూ ఆగదు, ఇంకా తొందరగా రిజర్వాయర్‌లోకి పోతుంది అంతే. అది తాగునీళ్ళ చెరువన్న సంగతి మర్చిపోకండి. 2018లో ఆ నీళ్ళ మీద 2 మెగావాట్ల తేలే సోలార్ పలకలు పెట్టారు కదా, అందరూ వెళ్ళి వాటిని ఫొటో తీసుకుంటారు, కింద నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో ఎవడూ చూడడు.
గట్టు విరిగిపోతోందన్నదే భయమైతే వట్టివేళ్ళు నాటండి, వేరు లోతుకి దిగి మట్టిని పట్టుకుంటుంది. వానకి ముందే నాటాలి. నాలుగు మొక్కలు తెచ్చి గెడ్డ మధ్యలో పాతేసి రిబ్బన్ కట్ చేసేవాళ్ళని చూసాను, మొదటి వానకే కొట్టుకుపోయాయి. పైకి వెళ్ళి కొండలో కందకాలు తవ్వుదాం అని మాత్రం అనుకోవద్దు, కంబాలకొండ అభయారణ్యం, ఫారెస్టు వాళ్ళని అడక్కుండా లోపల పార వెయ్యకూడదు.
మీ ఇళ్ళ దగ్గర చేసుకోగలిగింది వేరే ఉంది. 100 చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు. కొంత పోయినా నాలుగు వేలు ఎక్కడికీ పోదు. మా ఇంట్లో పైపు తిప్పి, ముందు గులక, ఇసుక ఉన్న తొట్టిలోకి పంపి, అక్కణ్ణుంచి పాత నూతిలోకి వదిలాను. మొదటి వాన నీళ్ళు మాత్రం బయటికి పోనివ్వాలి, డాబా మీద కాకి రెట్టలూ దుమ్మూ అంతా అందులోనే ఉంటాయి.

పన్ను_కట్టినోడు:
సరే మాస్టారూ, ఆ తొట్టి కొలతలు పెట్టండి. మా నుయ్యి పదేళ్ళుగా పలక వేసి మూసేసి ఉంది.

ఆరిలోవ_గెడ్డొడ్డు:
నిన్న నడిచామండి, ఐదుగురమే వచ్చాం. నూతిగట్టు గారు చెప్పినట్టే, మాకు తేలింది రెండు చోట్లు. ఒకటి మదుం (చిన్న కల్వర్టు) పక్కన, సాయంత్రం టిఫిన్ బండి పెట్టుకునే అతను. అడిగితే, "నా డబ్బా ఎవరో ఎత్తుకుపోయారండి, ఇంకెక్కడ వెయ్యమంటారు" అన్నాడు. డబ్బా మేం కొంటున్నాం. రెండోది చెప్పుకుంటే సిగ్గు, మా అపార్ట్‌మెంట్ వెనక గేటే. వాచ్‌మన్ తుడిచిందంతా గోడ మీంచి అటు తోసేస్తున్నాడు, ఇన్నాళ్ళూ మేం బస్తాల్లో ఎత్తింది మా చెత్తేనన్నమాట. లెటర్ రాసిన ఆయనకి ఫొటో చూపించాను, కాసేపు మాట్లాడలేదు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.
వచ్చే ఆదివారం ఆరింటికి మళ్ళీ దిగుతున్నాం. గమ్ బూట్లు ఎవరి దగ్గరైనా ఎక్స్‌ట్రా ఉంటే పట్టుకురండి, నాది సైజు 9.