పిల్లలు కాలేజీ కౌన్సిలర్‌కి చెప్పుకున్నది ఇంట్లోవాళ్ళకి చెప్పాలా వద్దా?

నరసరావుపేట_నాన్న:
మావాడు హైదరాబాద్‌లో బీటెక్ సెకండియర్, హాస్టల్లో ఉంటాడు. పోయిన సెమిస్టర్ అటెండెన్స్ 65 శాతం కూడా లేదని డిటైన్ చేశారు, అంటే పరీక్షలు రాయనివ్వలేదు, ఆ లెటర్ ఇంటికి వచ్చేదాకా మాకు ఏమీ తెలీదు. ఫోన్ చేసినప్పుడల్లా బానే ఉన్నా నాన్నా, తిన్నా నాన్నా అనేవాడు. తీరా కాలేజీకి వెళ్తే సెమిస్టర్ మొదట్నుంచీ అక్కడి కౌన్సిలర్ దగ్గరికి వెళ్తున్నాడంట, నిద్ర పట్టట్లేదు, క్లాసులో కూర్చోలేకపోతున్నా అని ఆవిడకి చెప్పుకున్నాడంట. మాకెందుకు చెప్పలేదమ్మా అంటే అబ్బాయికి 19 ఏళ్ళు, తన పర్మిషన్ లేకుండా చెప్పకూడదండి అంది. ఫీజు కట్టేది నేను, కన్నది మేము. బిడ్డ తిండి మానేసి గదిలో పడుకుంటే పరాయి మనిషికి తెలిసి కన్నవాళ్ళకి తెలియకపోవడం ఏం న్యాయమండీ? మీరే చెప్పండి.

ఊరికే_చదువుతా:
చెప్పి తీరాలి. ఇందులో చర్చకేముంది.

అమీర్‌పేట_రూమ్:
ఇంట్ల చెప్తరని తెలిస్తే ఒక్కడు గూడ ఆ రూమ్ దిక్కు పోడు అన్నా. గంతే.

సెకండ్‌షిఫ్ట్:
అంకుల్, మీ బాధ అర్థమైంది, కానీ మీ అబ్బాయి ఎవరో ఒకరికి చెప్పుకున్నాడంటే అది ఇంటికి రాదన్న ధైర్యంతోనే. ఆ ధైర్యం లేకపోతే ఆవిడకి కూడా చెప్పేవాడు కాదు, అప్పుడు డిటెన్షన్ లెటర్ కంటే ముందు మీకు ఇంకేం వచ్చేదో ఆలోచించండి. నేను చదివిన కాలేజీలో నా విషయం ఇంట్లో చెప్పేశారు, దానివల్ల ఏం జరిగిందో నాకు తెలుసు. పిల్లలు ఇంట్లో ఎందుకు చెప్పలేకపోతున్నారు అన్నది వదిలేసి కౌన్సిలర్ ఎందుకు చెప్పలేదని అడుగుతున్నారు.

క్లినిక్_వైజాగ్:
నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని. ఆవిడ చెప్పింది కరెక్టే. 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్‌లో సెక్షన్ 23 చూడండి, పేషెంట్ చెప్పింది గోప్యంగా ఉంచాలి, కానీ ప్రాణానికి ముప్పు ఉందనుకుంటే దాన్ని ఆపడానికి ఎంత అవసరమో అంతవరకు చెప్పొచ్చు. ఇంటర్ పిల్లలైతే 18 నిండవు కాబట్టి గార్డియన్ తప్పనిసరిగా వస్తారు, బీటెక్ అబ్బాయి మేజర్, లెక్క వేరు. అయితే నేను అడిగేది ఇంకొకటి. నిద్రలేక క్లాసుకి పోలేని పిల్లాడిని ఆవిడ సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపిందా? కౌన్సిలర్ మాట్లాడగలరు గానీ మందు రాయలేరు. ఒక సెమిస్టరంతా మాటలతోనే లాగితే అది నాకు సరిగ్గా అనిపించట్లేదు.

నరసరావుపేట_నాన్న:
ప్రాణానికి ముప్పు ఉందో లేదో తేల్చేది ఎవరండీ? ఆవిడేగా. ఆవిడ అంచనా తప్పితే పోయేది ఎవరి బిడ్డ? ఎంత చట్టమైతే మాత్రం.

చాక్‌పీస్:
నేను ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ని. మా దగ్గర ఒక్కో లెక్చరర్‌కి 20 మంది పిల్లల్ని అప్పగించి మెంటర్ అంటారు, ఒక రిజిస్టర్ ఇస్తారు, అందులో బ్యాక్‌లాగ్స్, అటెండెన్స్, పేరెంట్‌కి ఫోన్ చేసిన తేదీ రాయాలి. ఇన్‌స్పెక్షన్ వస్తుందనగా స్టాఫ్‌రూమ్‌లో అందరం కూర్చుని నాలుగు రంగుల పెన్నులతో పాత తేదీలు నింపుతాం, పిల్లల్ని పిలిచి ఒకేసారి సంతకాలు పెట్టిస్తాం. కాబట్టి చెప్పాలా వద్దా తర్వాత, ముందు అసలు మనుషులేరి? 2025 జులైలో సుప్రీంకోర్టు మన వైజాగ్‌లో చనిపోయిన నీట్ స్టూడెంట్ కేసులోనే చెప్పింది కదా, వంద మందికి ఒక కౌన్సిలర్ ఉండాలని. మా కాలేజీలో మూడు వేల మంది. 30 మంది ఉన్నారా?

క్లినిక్_వైజాగ్:
వంద మందికి ఒకరు అని లేదు సార్. వంద లేక అంతకంటే ఎక్కువ మంది ఉన్న ప్రతి సంస్థలో కనీసం ఒక క్వాలిఫైడ్ కౌన్సిలర్ గానీ సైకాలజిస్ట్ గానీ సోషల్ వర్కర్ గానీ ఉండాలన్నారు.

చాక్‌పీస్:
అదే కదా నేనూ అంది.

క్లినిక్_వైజాగ్:
కాదు సార్, చాలా తేడా ఉంది. మీ లెక్కన 30 మంది రావాలి, తీర్పులో ఉన్న మాట ప్రకారం మూడు వేల మందికి ఒక్కరిని పెట్టినా కనీసం అన్నది తీరిపోతుంది. నిష్పత్తి సరిపడా ఉండాలని అన్నారు గానీ అంకె వేయలేదు. మేనేజ్‌మెంట్లు పట్టుకునేది ఆ కనీసాన్నే.

చాక్‌పీస్:
మీరు అక్షరాలు పట్టుకుంటున్నారు, నేను ఉద్దేశం చెప్తున్నా. ర్యాంకుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టొద్దని కూడా అందులోనే ఉంది, ఎవరు ఆపారు?

అమీర్‌పేట_రూమ్:
మా హాస్టల్ల 14416 టెలీ మానస్, గదే గవర్నమెంట్ మెంటల్ హెల్త్ హెల్ప్‌లైన్, దాని పోస్టర్ ఉంది, వాటర్ ఫిల్టర్ వెనక. నడిరాత్రి ఫోన్ చేసిన, ఎత్తిండ్రు, తెలుగులనే మాట్లాడిండ్రు. పేరు చెప్పాలె అని గట్టిగ అడగలే.

నరసరావుపేట_నాన్న:
అందరూ తిరిగి తిరిగి చట్టాలూ తీర్పులూ అంటున్నారు, నా ప్రశ్నకి సమాధానం లేదు. సెకండ్‌షిఫ్ట్ అమ్మా, నువ్వు పెళ్ళయి పిల్లల్ని కన్నాక ఈ మాటే అను చూద్దాం. మీలాంటివాళ్ళు పిల్లల్ని కన్నవాళ్ళకి కాకుండా చేస్తున్నారు.

సెకండ్‌షిఫ్ట్:
సరే అయితే వినండి. నేను థర్డ్ ఇయర్‌లో కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళి నాకు బతకాలని లేదని కాదు, చదవాలని లేదు అని మాత్రమే చెప్పా, ఈ బ్రాంచ్ నా వల్ల కావట్లేదని ఏడ్చా. ఆవిడ అది మా డిపార్ట్‌మెంట్ హెడ్, హెచ్‌వోడీకి చెప్పింది, హెచ్‌వోడీ మా నాన్నకి ఫోన్ చేసి మీ అమ్మాయి మెంటల్ కండిషన్ బాలేదండి, ఏదైనా అయితే మాకు సంబంధం లేదు, లెటర్ రాసివ్వండి అన్నాడు. మా నాన్న రాత్రి బస్సెక్కి వచ్చి స్టాంప్ పేపర్ మీద సంతకం పెట్టి నన్ను ఇంటికి తీసుకెళ్ళాడు. ఫోన్ తీసుకున్నారు. ఎర్రగడ్డ కేసని తెలిస్తే ఎవరు చేసుకుంటారని మా అత్త సంబంధాలు మొదలుపెట్టింది. డాక్టర్ దగ్గరికి మాత్రం ఎవ్వరూ తీసుకెళ్ళలేదు. ఇంట్లో చెప్పడమంటే ఇదే అంకుల్, నాకు జరిగింది ఇదే.

ఊరికే_చదువుతా:
స్టాంప్ పేపరా??

చాక్‌పీస్:
తీసుకుంటారు. మా దగ్గరా తీసుకుంటారు. హాస్టల్ పిల్లలకైతే ఖచ్చితంగా.

నరసరావుపేట_నాన్న:
ఆగమ్మా. నాకు మావాడి కౌన్సిలర్ మీద కోపం లేదు, ఇప్పుడు ఆలోచిస్తే. హాస్టల్ ఫీజు ఒక ఇన్‌స్టాల్‌మెంట్ ఆలస్యమైతే అదే కాలేజీ నుంచి పొద్దున మెసేజ్, సాయంత్రం ఫోన్. మావాడు క్లాసుకి రావట్లేదని ఒక్క ఫోన్ లేదు. 75 కంటే తగ్గి 65 పైన ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, తగ్గిన అటెండెన్స్‌ని మాఫీ చేయడానికి కండోనేషన్ ఫీజు కట్టొచ్చంట, 65 దాటి కిందకి పోయాక దేవుడొచ్చినా చేసేదేం లేదంట, ఆ సంగతి మాకు లెటర్ చూశాక క్లర్క్ చెప్పాడు. 70 దగ్గర ఉన్నప్పుడు ఎవరో ఒకరు, కౌన్సిలర్ కాకపోయినా మెంటర్ అయినా, అబ్బాయి రావట్లేదండి అన్న ఒక్క ముక్క చెప్తే పరిగెత్తుకొచ్చేవాణ్ణి. వాడు లోపల ఏం చెప్పుకున్నాడో నాకు అక్కర్లేదు.

సెకండ్‌షిఫ్ట్:
అది వేరే విషయం అంకుల్. అటెండెన్స్ చెప్పడం డిపార్ట్‌మెంట్ పని, దాన్ని ఎవరూ వద్దనరు. మీరు మొదట అడిగింది కౌన్సిలర్ గదిలో మాట. నా కేసులో నా మాట ఇంటికి వెళ్ళింది, మీ కేసులో అటెండెన్స్ కూడా వెళ్ళలేదు, రెండు చోట్లా కాలేజీ తనకి ఏది సేఫో అదే చేసింది. ఆ గదిలో కూర్చున్న మనిషికి జీతమిచ్చేది ఆ మేనేజ్‌మెంటే. అందుకే కౌన్సిలర్ బయటి మనిషై ఉండాలి, యూనివర్సిటీయో గవర్నమెంటో జీతమివ్వాలి, హెచ్‌వోడీకి రిపోర్ట్ చేయకూడదు.

నరసరావుపేట_నాన్న:
బయటి మనిషైతే నాకింకా భయం. కాలేజీ అయితే కనీసం వెళ్ళి గేటు దగ్గర నిలబడి అడగొచ్చు. ఎవరు జీతమిచ్చినా చేరిన రోజే తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి, ఇలాంటిది వస్తే ఫలానా మనిషి మీకు ఫోన్ చేస్తాడని చెప్పాలి. పిల్లాడు కూడా ఒప్పుకోవాలి.

క్లినిక్_వైజాగ్:
ఎమర్జెన్సీ కాంటాక్ట్ ఎవరో స్టూడెంటే రాసిచ్చే పద్ధతి పెట్టొచ్చు. నాన్నే అక్కర్లేదు, అక్కయినా మేనమామయినా.

నరసరావుపేట_నాన్న:
నాన్న అక్కర్లేదా?

సెకండ్‌షిఫ్ట్:
అక్కర్లేదు అంకుల్, కొందరికి. మీ అబ్బాయి మీ పేరే రాస్తాడేమో.

చాక్‌పీస్:
సార్, డిటైన్ అయినవాళ్ళకి రీఅడ్మిషన్ అప్లికేషన్‌కి లాస్ట్ డేట్ ఉంటుంది, అది దాటితే ఇంకా ఇబ్బంది. జూనియర్ బ్యాచ్‌తో కూర్చోవాలి, రెగ్యులేషన్, అంటే ఆ బ్యాచ్ సిలబస్ రూల్స్, మారితే అదనంగా సబ్జెక్టులు కూడా పడొచ్చు. ఎగ్జామ్ బ్రాంచ్‌లో కనుక్కోండి. ఈలోపు అబ్బాయిని ఒక మంచి సైకియాట్రిస్ట్‌కి చూపించండి.

నరసరావుపేట_నాన్న:
చూపిస్తాం. డాక్టర్ దగ్గర లోపలికి నన్ను రానిస్తాడో బయటే కూర్చోమంటాడో వాడినే అడుగుతా. పర్మిషన్ అన్న మాట మాత్రం నాకింకా మింగుడు పడట్లేదు.